నేల మీద నీలం గోడలు

ఆ ఉదయం ఓర్లన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. వడ్రంగి డ్వేన్ వస్తాడు, వంటింటి నేల మీద అతికించి ఉన్న నీలం టేపు గీతలు కొలుచుకుంటాడు, కాఫీ తాగి వెళ్తాడు. మంచు కమ్మేలోగా ఆ గీతలు గోడలవుతాయి. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదని ఓర్లన్ నిశ్చింతగా ఉన్నాడు. అమెరికాలో ఆ ఉత్తరపు చలి మూల, మిన్నెసోటాలో పుట్టి పెరిగినవాడు అంత నిశ్చింతగా ఉండకూడదు.

ఆ టేపు అతికించింది అతని భార్య ఆర్లిస్. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ బట్టల బుట్ట పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగుతూ ఎక్కుతూనే ఉంది, వాషింగ్ మెషీన్ అక్కడుంది గనక. దాన్ని పైకి తెచ్చి, వెనక తలుపు దగ్గర బురద బూట్లు, తడి కోట్లు విడిచేందుకు వంటింట్లోంచే ఒక గది విడదీసి, అందులో పెట్టాలని ఆవిడ కోరిక. ఆ బూట్ల గదికీ వంటింటికీ మధ్య ఒక గోడ, ఒక తలుపు ఉంటే బురద అక్కడే ఆగిపోతుంది. ఏటా అడిగేది. ఓర్లన్ ఏటా ఒకే మాట అనేవాడు: "మొక్కజొన్న ఇంటికి రానీ." మొక్కజొన్న ఏటా ఇంటికి వస్తూనే ఉంది.

పోయిన చలికాలం, జబ్బు బాగా ముదిరాక, ఆవిడ మోకాళ్ల మీద పాకుతూ, ఆయాసమొచ్చినప్పుడల్లా ఆగి ఆగి, టేపు అతికించింది. ఓర్లన్ పశువుల కొట్టంలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. "ఈసారి కోతలవగానే తప్పకుండా," అన్నాడు. ఆవిడ తల ఊపింది. ఏప్రిల్‌లో, ఇంకా విత్తనం కూడా వేయకముందే, పోయింది.

ఈసారి ఓర్లన్ మాట నిలబెట్టుకున్నాడు. కోతలయ్యాయి. పాత అలమారాలన్నీ పీకి కొట్టంలో పడేశాడు, ఫ్రిజ్‌ను వరండాలోకి నెట్టాడు. కానీ నెలల తరబడి ఆ టేపు మధ్యే బతికాడేమో, అదే ఇల్లయిపోయింది. గీత ఉన్నచోట గోడ ఉన్నట్టే చుట్టూ తిరిగి వెళ్లేవాడు. గీత తెగినచోట ఆగి, లేని పిడి తిప్పి, లేని తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి మూసేవాడు. ఆవిడ కట్టిన గోడలోంచి నడిచిపోవడానికి అతనికి మనసొప్పలేదు.

ఆ ఉదయం డ్వేన్ వచ్చేలోగా ఒకసారి చివరగా సరిచూసుకుందామని తలుపు తీశాడు, మూశాడు, వంగి వాషింగ్ మెషీన్ మూత ఎత్తాడు, అందులో తన చొక్కా వేశాడు. చొక్కా నేల మీద పడింది. "చూడు, ఇక మెట్లు దిగక్కర్లేదు నువ్వు," అన్నాడు పైకే.

ఇదంతా కిటికీ అద్దంలోంచి ఎదురింటి లవాన్ చూసింది. గుడ్లు ఇద్దామని వచ్చిన మనిషి.

ఇంకెక్కడైనా అయితే తలుపు కొట్టి "ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగేది. ఇక్కడ అలా అడగరు. దుఃఖంలో ఉన్నవాణ్ని సూటిగా ప్రశ్నించడం కన్నా బట్టల్లేకుండా చర్చికి వెళ్లడం నయం. లవాన్ గుడ్లు పట్టుకుని ఇంటికి వెళ్లి, తనలాగే ఆర్లిస్‌కు స్నేహితురాలైన ఇర్మాకు ఫోన్ చేసింది.

"గాలిలో తలుపు తీస్తున్నాడే," అంది.

ఇర్మా ఇంకో స్నేహితురాలు బెర్నీస్‌కు ఫోన్ చేసి, ఓర్లన్ గోడలతో మాట్లాడుతున్నాడని చెప్పింది. బెర్నీస్ విని, కాసేపు కళ్లు తుడుచుకుని, లవాన్‌కు ఫోన్ చేసింది. "ఆర్లిస్ గోడ అవతల ఉందని, తలుపు తియ్యమని బతిమాలుతున్నాట్టే."

"అయ్యయ్యో, ఇంత ముదిరిందా! నాకు తెలియనే తెలియదు," అంది లవాన్.

ఇలాంటి కష్టానికి ఆ చుట్టుపక్కల ఉన్న మందు ఒక్కటే. మాంసం, బంగాళాదుంపలు, డబ్బా సూపు ఒక పింగాణీ పళ్లెంలో పోసి ఓవెన్‌లో కాల్చే హాట్‌డిష్. పళ్లెం తిరిగి రావాలి గనక అడుగున చిన్న టేపు ముక్క మీద పేరు రాసి అతికిస్తారు. ముగ్గురూ తలా రెండు పళ్లేలు పట్టుకుని దిగారు.

"చలి పెరిగింది, ఓర్లన్," అంది లవాన్ గుమ్మంలో.

"పెరిగింది."

"గాలి కూడా ఉంది."

"ఉంది."

పరామర్శ అయిపోయింది. వేడి పళ్లెం అతని చేతుల్లో పెట్టి, లవాన్ లోపలికి తొంగి చూసింది. బోసిపోయిన వంటిల్లు, నేలంతా నీలం గీతలు, మధ్యలో ఒక చొక్కా.

"కాస్త ఊడ్చి పెట్టనా?"

"వద్దు."

"ఎంతసేపు, చీపురు తిప్పడమేగా."

"వద్దులే, లవాన్."

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మొదటి "వద్దు" మర్యాద. రెండోది కూడా మర్యాదే. మూడోసారి అంటేనే నిజంగా వద్దని అర్థం. కాఫీ దగ్గర్నుంచి కిడ్నీ దానం దాకా అందరికీ ఇదే లెక్క. ఓర్లన్ మూడో "వద్దు" కోసం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది. డ్వేన్ బండి కాలవలోకి జారి, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఓర్లన్ పళ్లెం కింద పెట్టి ట్రాక్టర్ దగ్గరికి పరుగెత్తాడు.

బండిని లాగి, డ్వేన్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి వంటిల్లు తళతళలాడుతోంది. నేల తడిగా మెరుస్తోంది. బెర్నీస్ చేతిలో క్యాబేజీ అంత నీలం ఉండ ఉంది.

"ఆ గీతలున్నంత కాలం నీకు మనసు కుదుటపడదని తీసేశాం," అంది ఇర్మా మెల్లగా. "ఇప్పుడు చూడు, ఎంత హాయిగా ఉందో."

"బాగుంది," అన్నాడు ఓర్లన్, అలవాటు కొద్దీ. రెండడుగులు వేసి, ఎప్పుడూ ఆగే చోట ఆగాడు. పిడి కోసం చెయ్యి పైకి లేచింది. ఏ వైపు తిప్పాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"అది ఆర్లిస్ అతికించింది," అన్నాడు.

బెర్నీస్ ఆ ఉండను వెనక్కి దాచుకుంది.

"నేను కొలవలేదు. నేల మీదే ఉందిగా, ఎక్కడికి పోతుందని కొలవలేదు. నన్ను ఆవిడ అడిగిన పని ఇదొక్కటే. ఇదొక్కటే అడిగింది." అని ముఖం చేతుల్లో దాచుకుని, ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చాడు. ఏప్రిల్‌లో అతను ఏడవలేదు. అప్పుడు కూడా చలి గురించే మాట్లాడాడు.

"నువ్వు మూడోసారి వద్దనలేదు," అంది లవాన్, ఏడుపు ఆపుకుంటూ.

"ట్రాక్టర్ తియ్యాలిగా మరి."

డ్వేన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చేసేదేమీ లేక దాన్ని తిప్పుతూ ఉన్నాడు. అప్పుడు ఇర్మా, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఉత్తరం గోడ దగ్గరికి నడిచి, ఇటు తిరిగి, చేతులు ఒంటికి ఆనించి నిటారుగా నిలబడింది.

"నేను ఫ్రిజ్‌ని," అంది.

ఓర్లన్ తల ఎత్తాడు. ఇర్మాకు మతిపోయిందేమోనని అతనికి నిజంగా భయం వేసింది.

"పోయిన ఏడు నువ్వు మొక్కజొన్న అమ్మడానికి వెళ్లిన రోజు," అంది ఇర్మా, "ఆర్లిస్ మమ్మల్ని కాఫీకి పిలిచి ఒక్కొక్కళ్లనీ ఒక్కోచోట నిలబెట్టింది. కాగితం మీద గీస్తే నడిచేటప్పుడు తుంటి ఎక్కడ తగులుతుందో తెలియదే, మనుషుల్ని నిలబెడితే తెలుస్తుందీ అంది. బుట్ట పట్టుకుని మా మధ్య తిరిగింది. తర్వాత టేపు వేసిందని మాకు చెప్పలేదు. కదలకుండా నిలబెట్టింది ఓర్లన్, నా కాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు."

లవాన్ అప్పటికే కిటికీ కిందకి నడిచింది. "నేను వాషింగ్ మెషీన్. బెర్నీస్, నువ్వు డ్రయ్యర్‌వి, నా పక్కకి రా."

"నేను సింకుని."

"నువ్వు సింకువైతే నా మోచేతికి తగిలిందెవరే?"

"అది నువ్వు నా మీదకి జరిగావు! సింకు జరగదు."

వాదన తేలేసరికి డ్వేన్ కొలతలు తీయడం మొదలుపెట్టాడు. "లవాన్ గారూ, మీ మూత పైకి తెరుచుకుంటుందా, ముందుకా?" అని చాలా మర్యాదగా అడిగాడు. పైకేనని లవాన్ చెప్పింది. గుర్తు పెట్టడానికి ఇంట్లో టేపు మిగల్లేదు. పళ్లేల అడుగున ఉన్న పేర్లు ఊడదీసి, ఎవరి కాళ్ల దగ్గర వాళ్లవి అతికించారు. ఏ పళ్లెం ఎవరిదో ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు.

"వెనక తలుపు పక్కన ఇక్కడ ఖాళీ వస్తోంది," అన్నాడు డ్వేన్. "ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అది డీప్ ఫ్రీజర్ చోటు," అన్నాడు ఓర్లన్. "టేపుతో చిన్న గడి ఉండేది. దాని చుట్టూ తిరిగే వెళ్లేవాణ్ని."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫ్రీజర్ కాదు, ఓర్లన్. అది నువ్వు," అంది లవాన్. "నువ్వు ఊళ్లో లేవని అక్కడ కుర్చీ వేసి నీ పాత కోటు తగిలించింది. అది నువ్వు కూర్చుని బూట్లు విప్పుకునే బల్ల చోటు. నలభై ఏళ్లుగా ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకుని విప్పుతున్నాడు, నడుం పోతుంది, ముందు ఆయన బల్ల, తర్వాతే నా మెషీన్ అంది."

ఓర్లన్ ఆ ఖాళీ చోటు కేసి చూశాడు. వాయిదా వేస్తూ వచ్చింది ఆవిడ కోరికే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆవిడ కోరికలో మొదట ఉన్నది తనేనని ఇప్పుడు తెలిసింది. పట్టుకుని ఏడవడానికి ఆ గోడ కూడా ఇంకా కట్టలేదు.

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "బల్ల వెడల్పు ఎంత పెట్టమంటారు?"

లవాన్ నేల చూపులు చూసింది. "ఆయన పట్టేంత, మీద ఇంకో రెండు అంగుళాలు అంది. 'నేను పోతే మీరంతా హాట్‌డిష్‌లు మోసుకొస్తారు, నాకు తెలియదా' అంది."

కొట్టంలోంచి ఒక కుర్చీ తెచ్చి అక్కడ వేశారు. ఓర్లన్ కూర్చుని, బూట్లు విప్పి, పక్కన జతగా పెట్టాడు. డ్వేన్ కొలిచి, ఆవిడ చెప్పినట్టే కలిపి రాసుకున్నాడు.

క్రిస్మస్ నాటికి ఆ రెండు అంగుళాలూ ఓర్లన్‌తోనే నిండిపోయాయి.