అభ్యంతరం చెప్పని ఆ ఒక్క రోజు

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్న సరుకు ఇది: తాళాల కొట్టులో సగం వాటా, నాతో మాటలు మానేసిన ఒక అన్నయ్య, పదకొండు పేజీల పంపకం దస్తావేజు, దాన్ని రిజిస్టర్ చేయించడానికి ఒక లాయరు.

నేను వ్యాపారిని. లాభం లేనిదే నోరు తెరవను. అందుకే గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. లాయర్లు పెట్టిన కాగితాలను ప్రభుత్వ ఆఫీసులు తిప్పి పంపడం జనానికి చేస్తున్న మహోపకారం! ఆలస్యమైతే అమృతం విషమవుతుందన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన ఏనాడూ రిజిస్ట్రేషన్ ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఉండడు. అక్కడ విషం కూడా నెమ్మదిగా అమృతమవుతుంది. కళ్ళారా చూశాను.

అన్నయ్యకూ నాకూ చెడింది నంబరు తాళాల దగ్గర. "తాళంచెవి లేనిది కూడా ఒక తాళమేనట్రా?" అన్నాడాయన. అవే అమ్ముడుపోతున్నాయన్నాను నేను. మాటామాటా పెరిగింది. ఆ తరవాత ఏడాదిపాటు ఒకే కౌంటరు వెనక కూర్చుని కస్టమర్ల ద్వారా మాట్లాడుకున్నాం. "ఆ పక్కాయన్ని కాస్త స్టూలు జరపమనండి" అని తాళం కొనడానికి వచ్చినవాళ్ళతో చెప్పించేవాళ్ళం. పాపం, కొందరు స్టూలు తామే జరిపి, తాళం కొనకుండా వెళ్ళిపోయేవారు.

చివరికి కొట్టు మధ్యలో గోడ పెట్టుకుని చెరిసగం పంచుకుందామని లాయరు గారి దగ్గరికి వెళ్ళాం. "వారం రోజుల పని" అన్నారాయన. లాయర్లు అబద్ధాలాడతారంటే నేను ఒప్పుకోను. ఏ వారమో ఆయన చెప్పలేదు, అంతే!

మొదటిసారి కాగితాలు వెనక్కి వచ్చాయి. కారణం: పేజీలకు గుండుసూది గుచ్చి ఉంది, స్కానింగుకు పనికిరావు. సూది తీసి ఇచ్చాం. మళ్ళీ వచ్చాయి. కారణం: పేజీలు విడివిడిగా ఉన్నాయి, సూది గుచ్చాలి. లాయరు గారు సూది చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి, "గుచ్చమంటారా, తియ్యమంటారా?" అని వినయంగా అడిగారు.

"మీరు ఇవ్వడానికి గుచ్చాలండీ, మేం తీసుకోడానికి తియ్యాలి" అన్నాడు గుమాస్తా, పసిపిల్లాడికి చెప్పినట్టు.

ఇందులో కోప్పడాల్సింది ఏముంది? తాళాన్ని మాత్రం వెయ్యడానికీ తియ్యడానికీ కూడా తయారు చెయ్యట్లేదా!

మూడోసారికి ఫారమే మారిపోయింది. పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటా అని భూతద్దం పెట్టి వెతికాం. పైన ఉండే గీత కిందికి దిగింది. నాలుగోసారి లాయరు గారి స్టాంపు నల్ల ఇంకులో ఉంది, నీలం కావాలన్నారు. ఐదోసారి నీలమే, కానీ ఆయన లాయరేనన్న రుజువు జతచెయ్యలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కౌంటరు ముందే నిలబడుతున్న మనిషి!

"మీరు నాకు తెలుసండీ" అన్నాడు గుమాస్తా. "కాగితానికి తెలియాలి కదా."

ఇక అసలు వరం వినండి. ఆ ఆఫీసు రూలు ప్రకారం, వెనక్కి వచ్చిన కాగితం మళ్ళీ పెట్టిన ప్రతిసారీ వాటాదారులిద్దరూ కౌంటరు ఎదుటే, ఒకేసారి సంతకం చెయ్యాలి. లాయరు వకాలత్తు చూపించినా చెల్లదు. అంటే ఏమిటి? విడిపోవాలంటే అన్నదమ్ములిద్దరూ కలిసి రావాలి! ఇంత గొప్ప ఉపాయం మా బంధువుల్లో ఒక్క పెద్దమనిషికైనా తట్టిందా?

అక్కడున్న బెంచీ ఒకటే. దానికీ ఒక కాలు కురచ. ఒకడు లేస్తే రెండోవాడు కింద పడతాడు. మూడోసారి అన్నయ్య నడుం రుద్దుకుంటూ, "లేచేటప్పుడు చెప్పి ఏడవరాదూ?" అన్నాడు. ఏడాదిలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట! ఐదోసారి ఫ్లాస్కులో టీ నాక్కూడా తెచ్చాడు. ఏడోసారికి ఇద్దరం కలిసి గుమాస్తాను తిట్టుకున్నాం. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తొమ్మిదోసారి సంతకాలు చేసేసి, అలవాటు ప్రకారం అభ్యంతరం చీటీ కోసం ఎదురుచూస్తున్నాం. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీ వదిన అడుగుతోందిరా, ఆ నంబరు తాళం ఎలా తియ్యాలని."

"నంబరు తాళమా? ఎవరింట్లో?"

"మా ఇంట్లోనేలే. బట్టల పెట్టెకు వేశాను. నంబరు మర్చిపోయాను. నాలుగు రోజులుగా ఇదే చొక్కా."

నేను నవ్వలేదు. ఎప్పుడు నవ్వకూడదో వ్యాపారికి తెలిసి ఉండాలి.

"గోడ ఎందుకులేరా" అన్నాడు అన్నయ్య. కాగితాలు వెనక్కి తీసేసుకుందామని ఇద్దరం లేచాం. ఒకేసారి, చెప్పుకుని మరీ.

సరిగ్గా అప్పుడే గుమాస్తా పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. "మీ పని అయిపోయిందండీ! ఒక్క అభ్యంతరమూ లేదు. ఇప్పుడే రిజిస్టరయింది!"

లాయరు గారు బెంచీ చివర కూలబడ్డారు. బెంచీ ఆయన్ని కింద పడేసింది.

రద్దు చేసుకుంటామన్నాం. "రద్దుకు రూలు లేదండీ" అన్నాడు గుమాస్తా. "విడిపోయిన కొట్లను కలపడానికి వేరే ఫారం ఉంది. ముందు విడిపోయినట్టు రుజువు కావాలి. మధ్య గోడ ఫోటో పెట్టండి."

గోడ ఎక్కడుంది? అందుకని, కలిసుండడం కోసం గోడ కట్టించాం! ఫోటో తీసి పంపాం. వెనక్కి వచ్చింది. ఫోటోకు గుండుసూది గుచ్చి ఉందట.

ఆఖరి లెక్క చెబుతాను. పోయింది, కొట్టు మధ్యలో తొమ్మిది అంగుళాల జాగా. వచ్చింది, ఒక అన్నయ్య. గోడలో టీ గ్లాసు పట్టేంత కన్నం వదిలించాం. రోజూ పదకొండింటికి అటునుంచి గ్లాసు వస్తుంది. దాని వెనకే, "నంబరెంతరా?" అని ఒక కేక వస్తుంది. మొత్తం మీద లాభమే, కాదనను.

ఆ ఆఫీసు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అన్ని నెలలపాటు అంత నిష్ఠగా పని చెయ్యకుండా ఉన్నవాళ్ళు, ఆ ఒక్క రోజు ఎందుకు చేసినట్టు?