చెక్క మీద ఏడవొద్దు

ఆ పూట వడ్రంగి వీరభద్రం వేసుకున్న లెక్కలో ఏడుపులేవీ లేవు. హోటల్లో టీ తాగి రావడం, టేకు పట్టీలను ఒకసారి తిరగేయడం, మళ్లీ కప్పెయ్యడం. అంతే.

కాజీపేట లోకోషెడ్డులో పనిచేసే ఏలియా కొత్త ఇల్లు కట్టుకున్నాడు. దర్వాజల చుట్టూ, గోడ అంచున కొట్టే పట్టీల పని ఒక్కటే మిగిలింది. కిందటేడు మట్టెవాడలో ఒక షావుకారు తొందరపెడితే వీరభద్రం పచ్చి చెక్కనే కొట్టేశాడు. ఎండాకాలం రాగానే అది ముడుచుకుపోయి, బల్లులు కాపురం పెట్టేంత సందులు పడ్డాయి. తొందరపెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. లోకం తీరే అంత. "సందుల వీరభద్రం" అన్న పేరు మాత్రం ఇతనికి అంటుకుంది. ఈ పని కూడా చెడితే ఉలి అమ్ముకోవడమే.

"ఆదివారం ఇంటి ప్రార్థనకు పాస్టరుగారొస్తాండ్రు. ఇయ్యాల్నే కొట్టెయ్యరాదు," అన్నాడు ఏలియా డ్యూటీకి బయల్దేరుతూ.

"చెక్క ఈ ఇంటి గాలికి అలవాటు పడాలె సారూ. జర ఆరనియ్యిండ్రి."

"పొద్దూకే దాంక చూస్త. కాకుంటే ఇంకో వడ్లాయన్ని పిలుస్త."

ఏలియా తల్లి సువార్తమ్మ అప్పటికే రిక్షా ఎక్కి మట్టెవాడలో కూతురింటికి పోయింది. కోడలు విమల కిరోసిన్ క్యూలో ఉంది. వీరభద్రం ముసలమ్మ మంచాన్ని వాకిట్లో నిలబెట్టి, ఆమె గదిలో బల్ల మీద పట్టీలు పేర్చాడు. గాలి ఆడాలని వరసకూ వరసకూ మధ్య పుల్లలు పెట్టాడు. కిటికీలోంచి పడే ఎండకు పగలకుండా ఆమె పాత తెల్లచీర కప్పి, ఫ్యాను వేసి, టీకి పోయాడు.

పక్కింటి కట్టమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. నల్లా కాడ కొట్లాట అయిన నాటి నుంచి ఆమెకు సువార్తమ్మతో మాటల్లేవు, చూపులే ఉన్నాయి. వాకిట్లో మంచం. లోపల తెల్లగుడ్డ కింద ఆరడుగుల పొడవున ఏదో. ఆమె అరిచిన అరుపుకు వాడకట్టంతా లేచింది. కబురు షెడ్డుకు చేరింది. తల్లి కూతురింట్లో పోతే ఇంటికి తెచ్చారనుకున్నాడు ఏలియా. బొగ్గు ముఖంతోనే పరుగెత్తుకొచ్చి తెల్లచీర మీద పడ్డాడు. ఆ చీర తొలగించి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దండల మీద దండలు పడ్డాయి, అన్నీ నీళ్లు కారుతున్నవే.

వీరభద్రం గుమ్మంలోనే కేక పెట్టాడు.

"ఆగుండ్రి! తడి తగుల్తది! ఏడ్చేటోళ్లు బయటికి పోయి ఏడ్వుండ్రి!"

"మా అమ్మ పోయిందిరా!"

"అవ్వ పోయిందా?" వీరభద్రానికీ కళ్లనీళ్లు తిరిగాయి. భుజం మీది తువ్వాలతో ముందు చెక్క మీది చీర తడి అద్ది, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "అయితే మాత్రం చెక్కేం జేసింది సారూ? జర జరుగుండ్రి!"

"ఎవలు పోయిండ్రే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"సువార్తమ్మ వదిన," అంది కట్టమ్మ తల తిప్పకుండా, ముక్కు చీదుతూ. "బంగారమసొంటి మనిషి. నల్లా కాడ తప్పు నాదే."

"గా ముక్క నల్లా కాడ్నే అంటే నీ నోరు అరుగుతుండెనా?"

కట్టమ్మ వెనక్కి తిరిగి రెండో అరుపు అరిచింది. అది మొదటిదాని కంటే పెద్దది. కూతురింటికి తాళం ఉంటే అదే రిక్షాలో తిరిగొచ్చిన సువార్తమ్మ, చేతిలో సంచితో నిలబడి ఉంది.

ఏలియా తల్లిని పట్టుకుని వదల్లేదు. ఆమె చీరకంతా బొగ్గు అంటింది. కాసేపటికి తేరుకుని వీరభద్రం వైపు చూశాడు.

"ఈ ఆదివారం గాకుంటే ఇంకో ఆదివారం. తొందరేం లేదు. ఆరనియ్యి."

చెక్క ఆరింది. పట్టీలు ఎక్కాయి. ఎండాకాలం వచ్చిపోయినా గోరు దూరే సందు కూడా పడలేదు. పేరులోంచి "సందుల" మెల్లగా రాలిపోయింది.

ఒకరోజు సువార్తమ్మ అతన్ని పిలిచి, అటక మీద మిగిలిన టేకు పలకలు చూపించింది. "నా సావుపెట్టె గూడ నువ్వే చెయ్యాలె బిడ్డా. చెక్క మంచిగ ఆరినంకనే."

వీరభద్రం పలకను గోటితో గీరాడు, వాసన చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "పచ్చిగుంది అవ్వా. చానేండ్లు పడ్తది."

ఆమె ఏటా అడుగుతూనే ఉంది. ఆ చెక్క ఇంకా ఆరలేదు.