ముందుకాళ్లు లేని సింహం

ఆ రోజు పొద్దున గ్యుర్మే వేసుకున్న పథకం చాలా చిన్నది. వెన్న టీ తాగాలి, సింహం తల తగిలించుకోవాలి, బడి మైదానంలో ముసలి లామాగారి ముందు గెంతి మెప్పు పొందాలి. అంతే.

మంచు సింహం నాట్యానికి ఇద్దరు కావాలి. తలా, ముందుకాళ్లూ గ్యుర్మేవి. వెనకకాళ్లూ, తోకా పక్కింటి ఛోదక్‌వి. గ్యుర్మే తాత టిబెట్ నుంచి మంచు కనుమలు దాటి వచ్చేటప్పుడు దుప్పటి వదిలేసి ఈ తలని మోసుకొచ్చాడు. తాత మోసిన తల, తండ్రి ఊపిన తల. అందుకే గ్యుర్మేకి ఆ తల కాస్త తలకెక్కింది. కిందటిసారి ఆలస్యంగా వెళ్తే నాట్యం నేర్పే ఫుర్బు మాస్టారు మొహమాటపడకుండా చెప్పేశాడు: "ఈసారి ఆలస్యమైతే తల ఇంకొకరికి. తాత పేరు చెప్పుకుని కూర్చో."

నాట్యానికి తాళం ముఖ్యమంటారు. ఈ నాట్యానికి రెండు తాళాలు. ఒకటి డప్పు కొట్టేవాడిది, రెండోది సింహం తల దాచిన చెక్కపెట్టెది. ఎలకలు జూలు కొరుకుతున్నాయని ఆ రెండోది భార్య యాంగ్‌ద్రోల్ వేసింది. తాళంచెవి ఆవిడ నడుముకే ఉంటుంది. ఆ నడుము పొద్దున్నే కొండ చుట్టూ ప్రదక్షిణకు బయల్దేరిపోయింది.

గ్యుర్మే ఫోన్ చేశాడు. అది వంటింట్లో పిండిడబ్బా పక్కన మోగింది.

"పదరా ఛోదక్, వెనకాలే వెళ్లి పట్టుకుందాం."

అప్పటికే తెల్లబొచ్చు కాళ్లు తొడుక్కున్న ఛోదక్ అన్నాడు, "ఎదురెళ్తే తొందరగా దొరుకుతుంది కదన్నా?"

"ఎదురా? మా అమ్మ బతికుంటే నీ కాళ్లు విరిచేది! నీవీ, సింహానివీ, నాలుగూ!"

మా ఊళ్లో కొండని కుడివైపు పెట్టుకునే తిరగాలి. పళ్లసెట్టు జారిపడినా వెనక్కి తిరగకూడదు. చుట్టు పూర్తిచేసి, ఇంకో చుట్టు మొదలుపెట్టి ఏరుకోవాలి.

సరిగ్గా అప్పుడే కొండకి అవతల, మంత్రాలు చెక్కిన రాళ్ల దగ్గర, యాంగ్‌ద్రోల్ చెయ్యి నడుముకి తగిలింది. "అయ్యో, తల!" అని తల పట్టుకుంది. వెనక్కి తిరగడం కుదరదు. ముందుకే పరుగు లంకించుకుంది. ఆవిడ ఆగితే ఆయన అందుకునేవాడు. ఆయన ఆగితే ఆవిడే ఇంటికొచ్చేది. ఇద్దరూ బుద్ధిమంతులు, ఎవరూ ఆగలేదు.

"ఆగవే! ఏయ్, ఆగు!" అని గ్యుర్మే అరుస్తూ పరిగెత్తడం పల్మో అవ్వ చూసింది. "పెళ్లాన్ని తరుముతున్నాడే!" అంది. ఆ మాటని పడుచు సన్యాసినులిద్దరు అడ్డదారి మెట్లెక్కి ముందుకు చేరవేశారు.

"అమ్మా, మీ ఆయన వస్తున్నాడు. అరుస్తున్నాడు."

"కోపంగా ఉన్నాడా?"

"ఎర్రగా ఉన్నాడు. వెనకాల ఏదో తెల్ల మృగం కూడా ఉంది."

యాంగ్‌ద్రోల్ వేగం రెట్టింపయింది. "మృగం" అన్న మాట విన్నవాళ్లు దానికి మచ్చలు పెట్టి చిరుతపులిని చేశారు. ఇక దారంతా పరుగే. చేతికర్రలు, జపమాలలు, భిక్షువులు, కుక్కలు, అందరూ కొండని కుడివైపు పెట్టుకునే పరిగెత్తారు. ప్రాణం పోతే మళ్లీ జన్మ ఉంటుంది. పుణ్యం పోతే ఏం జన్మ వస్తుందో! ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రజంట, "ఈ పోటీలో పేరు ఎక్కడ ఇవ్వాలండీ?" అని అడుగుతూనే కలిసిపోయింది.

మలుపులో టీకొట్టు పెద్దలు గ్యుర్మేని చెయ్యిపట్టి లాగి కూర్చోబెట్టారు.

"సంసారమన్నాక సవాలక్ష ఉంటాయి. ముందు టీ తాగు."

"నాకు తల కావాలి!"

"ఆ సంగతి మాకెప్పుడో తెలుసు నాయనా. తాగు."

గబగబా తాగేశాడు. ఖాళీ కప్పు అతిథికి అవమానం, నింపారు. మళ్లీ తాగాడు, మళ్లీ నింపారు. ఛోదక్‌ని మాత్రం ఎవరూ ఆపలేదు. తోకకి హితబోధ ఎవరు చేస్తారు?

యాంగ్‌ద్రోల్ ఇల్లు చేరి, పెట్టె తెరిచి, తల చంకన పెట్టుకుని మైదానంలోకి వచ్చిపడింది. లామాగారు అప్పటికే కూర్చున్నారు. డప్పు మోగుతోంది.

"మీ ఆయనేడమ్మా?" ఫుర్బు మాస్టారు పళ్లు కొరికాడు.

"కొండ వెనక!"

అంతలో వెనకకాళ్లు రొప్పుతూ వచ్చాయి. మాస్టారు తలని చూశాడు, తోకని చూశాడు, మధ్యలో ఖాళీని చూశాడు. "తల ఇలా ఇవ్వు. నా శిష్యుడు నామ్‌గ్యాల్‌కి తగిలిస్తాను."

పరాయివాడి నెత్తి మీద తాత తల! యాంగ్‌ద్రోల్ ఇంకేమీ ఆలోచించలేదు. తానే తగిలించుకుంది.

అడుగులు ఆవిడకి కొత్తవి కావు. మొగుడు వంటింట్లో సాధన చేసేటప్పుడు తప్పులు దిద్దేది ఆవిడే. పైగా కొండంతా పరిగెత్తి వచ్చింది కనక సింహం డొక్కలెగరేసింది, ఆయాసపడింది, ఒకసారి నిజంగానే కూలబడి లేచింది. చిరుతకి భయపడి వచ్చిన జనం ఎదురుగా సింహాన్ని చూసి చప్పట్లు కొట్టారు. లామాగారు పడీపడీ నవ్వి, "ఊపిరి పీల్చే సింహాన్ని ఇన్నాళ్లకి చూశాను. వచ్చే ఏడూ ఇదే రావాలి!" అని దాని మెడలో పొడవాటి తెల్ల కండువా వేశారు.

అప్పుడొచ్చాడు గ్యుర్మే, కడుపునిండా టీతో, నడిస్తే లోపల అలలు వినిపిస్తుండగా. సింహం తల తీసింది. కింద భార్య మొహం.

"నువ్వెవరు నాయనా?" అని లామాగారు ఆప్యాయంగా అడిగారు.

గ్యుర్మే తలని చూశాడు, తోకని చూశాడు, మధ్యలో ఎక్కడా ఖాళీ కనబడలేదు.

"సింహం మొగుణ్ణండీ," అన్నాడు.

లామాగారు ఆయన మెడలో కూడా ఒక కండువా వేశారు, కాస్త పొట్టిది.