బద్రీనాథ్ గారి మిల్లుకు కొత్త మిషను

మనిషి చెయ్యి తగలని బియ్యం ఇక మిర్యాలగూడలో దొరుకుతాయని ఆ ఏడు వరి కోతలకు ముందే రిక్షాకు మైకు కట్టి ఊరంతా చాటించారు. చాటించినవారు రైసు మిల్లు యజమాని బద్రీనాథ్ గారు. తండ్రి కాలం నుంచి వడ్లు ఆడిస్తున్న పాత హల్లర్‌ను పీకించి, దాని స్థానంలో రబ్బరు రోలర్ల కొత్త మిషను బిగించారు. చేటలతో బియ్యం చెరిగే పెంటమ్మనూ, ఆమెతో వచ్చే ఆడవాళ్లనూ పిలిచి, ఇక రానక్కర్లేదని మర్యాదగా చెప్పారు. ప్రగతికి కొంత త్యాగం తప్పదు. ఆ త్యాగం ఎవరు చేయాలో ప్రగతి కోరినవారే నిర్ణయించడం మన సంప్రదాయం.

కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశారు. మిషను అద్భుతంగా నడిచింది. మిగతా మిల్లే నడవలేదు. వడ్లను పైకెత్తే ఎలివేటరు ఆ వేగానికి పట్టా తెంపుకుంది. జల్లెడ ఊగడం మాని వణికింది. అన్నిటినీ దాటి బయటికొచ్చిన బియ్యంలో సగం నూక, మిగిలినదాంట్లో వడ్లగింజలు.

మిషను అమ్మిన కంపెనీ హైదరాబాదు నుంచి ఇంజనీరు జగన్మోహన్‌ను పంపింది. ఆయన మిల్లంతా తిరిగి చూసి, లోపం మిషనులో లేదనీ, పాత సామానే దానికి ఇంకా అలవాటు పడలేదనీ తేల్చారు. అన్నీ ఆపి, కాసేపాగి, మళ్లీ వేయమన్నారు. మిల్లు నడిపే డ్రైవరు మత్తయ్య అలాగే చేశాడు. ఇంజనీరు గారు టీ తాగినంతసేపు మిల్లు బ్రహ్మాండంగా నడిచి ఆగిపోయింది. అందువల్ల ఇంకో టీ తెప్పించారు.

తర్వాత జల్లెడ మార్చారు. కొత్త జల్లెడకు పాత ఎలివేటరు అందలేదు. ఎలివేటరు మార్చారు. అది మిల్లు కప్పుకు తగిలింది. కప్పు విప్పారు. మబ్బు పట్టింది.

ఆవరణలో వడ్ల బస్తాల మీదే కాపురం పెట్టిన రైతుల్లో చిలుకూరు లక్ష్మయ్య ఒకడు. అతడు బద్రీనాథ్ గారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంట్ల బియ్యం ఒడిసినయి సావుకారీ. మీ సామాను మిషిన్‌కు అలవాటు పడేదాక మా పిల్లలు ఏం తినాలె?"

బద్రీనాథ్ గారు చాలా బాధపడి భోజనానికి వెళ్లారు. అన్నంలో వడ్లగింజ పంటికింద పడింది. ప్రజల కష్టం ఆయనకు అప్పుడు సంపూర్ణంగా అర్థమైంది.

వడ్డిస్తున్న భార్య హైమావతి, "పెంటమ్మను పిలిపియ్యరాదు? పేరుకు మిషిన్ ఎట్లనూ ఉన్నది" అంది.

ఆయనే స్వయంగా పెంటమ్మ ఇంటికి వెళ్లారు. పెంటమ్మ లేవకుండానే, "చెయ్యి తగలొద్దంటిరి గద సావుకారీ" అంది.

ఆయన కాస్త ఆలోచించి, "చెయ్యి యాడ తగుల్తది? తగిలేది చేటనే గద" అన్నారు.

పాత కూలికి రామంది పెంటమ్మ. ఒప్పుకున్నారు. మునుపటికంటే రెట్టింపు మంది కావాలంది. దానికీ ఒప్పుకున్నారు. మిల్లు వెనక గోడ చాటున తడికెల పందిరి లేచింది. మిషను కక్కినదంతా అక్కడ చేటల్లో చెరిగి, బియ్యం చేసి ఇవతలికి పంపారు. వాన పడేలోగా లక్ష్మయ్య బియ్యం ఇల్లు చేరాయి.

ఇక ప్రారంభోత్సవం జరిపారు. వచ్చిన పెద్దమనిషి గుప్పెడు బియ్యం ఎత్తి చూపిస్తూ, "ఒక్క రాయి లేదు, ఒక్క వడ్లగింజ లేదు. ఇది విజ్ఞాన శాస్త్రం సాధించిన ఘన విజయం" అని ఉపన్యసించారు. గోడ వెనక ఆడవాళ్లు చేటలు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. ఆ కాసేపు బియ్యం రావడం ఆగిపోతే, మళ్లీ ఏదో బిగుసుకుందని ఇంజనీరు గారు కంగారుపడ్డారు. ఆ బియ్యం కొనుక్కుని తిన్న మనమంతా మిషను బియ్యం రుచే వేరని ఒప్పుకున్నాం.

సభ ముగియగానే సూర్యాపేట, కోదాడ మిల్లు యజమానులు అక్కడికక్కడే అలాంటి మిషన్లకే ఆర్డరిచ్చారు. ఇచ్చి, చప్పట్లు వినబడిన దిక్కు పట్టుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు గోడ వెనక్కి వచ్చారు. ముందుగా చేరిన సూర్యాపేట ఆసామి గొంతు తగ్గించి, చెరిగేవాళ్లు ఇంకెవరైనా దొరుకుతారా అని అడిగాడు.

పెంటమ్మ చేట ఆపలేదు.

"దొరుకుతరు సారూ. గానీ ముందుగాల ఒకటి చెప్పుండ్రి, మీ మిషిన్ దీనికంటె పెద్దదా? పెద్దదైతే ఇంకింత మందిమి కావాలె."