సరళ బోర్డు ఎంపిక సంఘం

తేలికైన పనిని తేలిగ్గా ఎవడైనా చేస్తాడు. దాన్ని పదిమంది కూర్చుని మోయాల్సినంత బరువెక్కించడానికే మానవుడు కార్యాలయాన్ని కనిపెట్టాడు. ఈ మాట అనే అర్హత నాకుంది. మా సంస్థలో సరళ బోర్డు ఎంపిక సంఘానికి నేను సభ్య కార్యదర్శిని. (సభ్యుణ్ని కాబట్టి ఓటుంది. కార్యదర్శిని కాబట్టి అది వేయకూడదు.)

మా సంస్థ ఆస్పత్రుల్లో మంచం పక్కన పెట్టే యంత్రాలు తయారుచేస్తుంది. రోగి గుండె కొట్టుకోవడం తెర మీద గీతగా కనిపిస్తుంది. అలాంటివి నాలుగు వందలు అట్టపెట్టెల్లో కూర్చుని ముప్పయ్యో తేదీ లారీ కోసం చూస్తున్నాయి. చిక్కల్లా ఒక్కటే. అప్పుడప్పుడూ తెర కాసేపు ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది. లోపలి కేబుల్ మీద అనుమానం. దాన్ని తేల్చాల్సింది టెస్ట్ ఇంజనీరు, అంటే మా వదిన. (బంధుప్రీతి అన్న మాట రాకుండా ఆఫీసులో నేను ఆమెకు ఏ సాయమూ చేయను. ఇంట్లో మాత్రం ఏం ఒరగబెట్టావని ఆమె అడుగుతుంది.)

ఆ కేబుల్‌లో సిగ్నల్ మహా వేగంగా, రెండు తీగల్లో జంటగా పోతుంది. ఒకటి ఔనంటే రెండోది కాదంటుంది. ఆ రెంటి తేడాయే అసలు కబురు. దాన్ని కొలవడానికి వదిన పావుగంటలో ఒక సర్క్యూట్ బోర్డు ఎంచుకుంది. అరచేతిలో పడుతుంది. చిప్పుల్లేవు, దీపాల్లేవు. నడుమ ఒకే పొడవున్న రెండు రాగి గీతలు, రెండు కొసలా కనెక్టర్లు. ఒకవైపు కేబుల్ పెట్టి, ఇంకోవైపు కొలిచే యంత్రం తగిలిస్తే సరి.

దరఖాస్తులో ఆమె "సింపుల్ బోర్డు" అని రాసింది. అక్కడే కొంప మునిగింది. ఏది సింపులో తేల్చే అధికారం మా నిబంధనల ప్రకారం ఇంజనీర్లకు లేదు, సంఘానికే ఉంది. సంఘానికి అధ్యక్షులు పరిపాలన విభాగం పెద్దాయన. ఆయన్ని చాటుగా అందరం ‘చర్చిద్దాం గారు’ అంటాం.

"రెండు గీతలెందుకమ్మా?" అని ఆయన మొదటి సమావేశంలోనే అడిగారు.

"ఒకదానికొకటి వ్యతిరేకం సార్. తేడా చూడాలి," అంది వదిన.

"వ్యతిరేకమని ముందే తెలుసుగా. ఒకటి చూస్తే రెండోది తెలిసిపోతుంది. ఒక గీత తీసెయ్యండి, ఇంకా సింపులవుతుంది."

వదిన నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకం వైపు చూశాను.

రెండో గీతను బతికించుకోవడానికి ఆమెకు ఐదు రోజులు పట్టింది. తర్వాత సిబ్బంది విభాగం మేడమ్ చెయ్యెత్తారు. రెండూ ఒకే పొడవుంటే సీనియారిటీ ఎలా తెలుస్తుందని ఆవిడ సందేహం. అది ఉపసంఘానికి వెళ్ళింది. ఈలోగా ఎవరో ఇంకో మెలిక పెట్టారు. ఈ బోర్డు సింపులని రుజువు కావాలంటే పక్కన మూడు కష్టమైన బోర్డులు ఉండాలి కదా అని. తెప్పించాం. అవి సభ్యుల్లో ఎవరికీ అర్థం కాలేదు గనక కష్టమైనవేనని ఏకగ్రీవంగా ధ్రువీకరించాం.

"సార్, సరిగ్గా ఆ తెర ఆరినప్పుడే ఎవరి గుండైనా ఆగితే?" అని వదిన ఆఖరి సమావేశంలో అడిగింది.

"చర్చిద్దాం," అన్నారు అధ్యక్షులు.

చివరికి ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున బోర్డు వచ్చింది. ఒక్కటే వచ్చింది. (రెండు తెప్పిస్తే సింపులెలా అవుతుంది?) అయితే ఏ వస్తువైనా స్టోర్సు దాటాలంటే దాని మీద నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండాలి. బిళ్ళ మధ్యలో ఉండాలి, రివెట్ మేకుతో బిగించి ఉండాలి. స్టోర్సు బాబాయ్ (ఆఫీసులో అందరికీ బాబాయే) ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క బిళ్ళ కూడా వంకరగా కొట్టిన మనిషి కాదు. చక్కగా నడిమధ్యన డ్రిల్లు పెట్టి బిగించాడు. రెండు గీతలూ తెగిపోయాయి.

"చిప్పులూ గిప్పులూ ఏమైనా ఉంటే జాగ్రత్తపడేవాణ్నే తల్లీ. ఖాళీ జాగా చూసే కొట్టాను," అన్నాడు.

"ఆ ఖాళీ కోసమే తెప్పించాం బాబాయ్," అంది వదిన. బోర్డు చేత్తో పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడింది.

సాయంత్రం సంఘం అత్యవసరంగా కూర్చుంది.

"పరీక్ష చేశారా?"

"సిగ్నల్ బోర్డే దాటలేదు సార్."

"అంటే లోపం బోర్డులో ఉంది."

"ఔను సార్, కానీ..."

"కేబుల్‌లో లోపం కనబడిందా?"

"అసలు చూడనేలేదు సార్."

"కనబడలేదు. రాసుకోవయ్యా."

రాసుకున్నాను. వదిన సంతకం పెట్టనంది. సింపుల్ పరీక్షలకు ఇంజనీరు సంతకం అక్కర్లేదని, సభ్య కార్యదర్శిది చాలని పదకొండో నిబంధన చెబుతోంది. పదకొండో నిబంధన రాసింది నేనే. సిగ్గుపడుతూనే సంతకం పెట్టాను. మర్నాడు లారీ టైముకే కదిలింది. ఆనాటి నుంచి వదిన నాతో ఏం చెప్పాలన్నా అన్నయ్యతో చెప్పిస్తోంది.

నెల తిరక్కుండా ఆస్పత్రుల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. తెర ఆరుతోందట. ఒక నర్సయితే ఏ మంచం, ఏ పూట, ఎంతసేపు అన్నది కూడా రాసింది. సంఘం ఆ రోజే సమావేశమై, చరిత్రలో మొదటిసారి ఏ చర్చా లేకుండా పరిష్కారం కనుక్కుంది. ఇప్పుడు మా యంత్రాలన్నిటి మీదా ఒక చీటీ అంటిస్తున్నాం. అందులో మాట నేనే రాశాను: "తెర ఆరినప్పుడు దయచేసి రోగి వైపు చూడవలెను."