లోపల తొర్ర కలదు

ఒక పెద్ద అడవిలో, అమ్మలారా, అయ్యలారా, స్వామి దయవల్ల అన్నీ ఉన్నాయి. వాగు ఉంది, వెదురు ఉంది, చింతల కింద చల్లటి నీడ ఉంది. లేనిదల్లా మ్యూజియం.

ఆ లోటు కనిపెట్టింది అడవి సభ అధ్యక్షుడు అడవిదున్న. పక్క అడవికి చుట్టపుచూపుగా వెళ్ళి, అక్కడ మ్యూజియం చూసొచ్చి, మేత మానేశాడు.

"మన దగ్గర దాచుకోదగ్గది ఏదీ లేదా?" అని సభలో అడిగాడు.

"వడ్రంగి పిట్టల పనితనం ఉంది కదండీ," అన్నారెవరో.

నిజమే మరి. భగవంతుడు చెట్టుకు కొమ్మలిచ్చాడు, ఆకులిచ్చాడు, తొర్ర తొలిచే పని మాత్రం వడ్రంగి పిట్టకు వదిలేశాడు. తన పనిలో మనకూ కాస్త వాటా ఉండాలని ఆయన ఉద్దేశం కాబోలు. అడవిలో సగం పిట్టలు ఆ తొర్రల్లోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకునేవి. ఇప్పుడా పని బాగా తెలిసినవాడు ముసలి వీరాచారి ఒక్కడే మిగిలాడు. కుర్ర వడ్రంగి పిట్టలకు నేర్పే దిక్కు లేదు.

"ఈ విద్యను కాపాడి తీరాలి," అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాపాడటం మొదలుపెడుతూ అడవిలోని తొర్రలన్నీ స్వాధీనం చేసుకుంది.

వాటిలో ఒక తొర్రలో మాణిక్యం అనే గోరింక కాపురముండేది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఆమె పరుచుకున్న గడ్డీ గాదం బయట పెట్టించారు.

మాణిక్యం మ్యూజియం అధికారి దగ్గరికి పరుగెత్తింది. ఆ అధికారి ఒక అలుగు. ఒళ్ళంతా పొలుసులు. ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే బంతిలా ముడుచుకుపోవడం ఆయన పద్ధతి.

"అయ్యా, వానలొచ్చేస్తున్నాయి. నేల మీద పెడితే పాములు బతకనివ్వవు. గుడ్లు ఎక్కడ పెట్టుకోమంటారు?"

అలుగు ముడుచుకుపోయాడు.

"సారు ఆలోచిస్తున్నారు, తరవాత రా," అన్నాడు గుమ్మం దగ్గరి బంట్రోతు తొండ, తలాడిస్తూ.

అక్కణ్ణుంచి వీరాచారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పైకొమ్మన శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

"మామా, నీకు పుణ్యముంటుంది. ఎక్కడో ఒకచోట చిన్న తొర్ర తొలిచిపెట్టు."

"ఎలా కుదురుతుందమ్మాయ్? నన్ను అడవి నిధిగా ప్రకటించారు. నిధి అరిగిపోకూడదట. ముక్కు చెట్టుకు తగలనివ్వనని మాటిచ్చాను."

"మరి రోజంతా ఏం చేస్తావు?"

"కనిపిస్తాను," అన్నాడు వీరాచారి శాలువా సర్దుకుంటూ. "పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి. పురుగులు వాళ్ళే తెచ్చి పెడుతున్నారు. ఇన్నేళ్ళూ తల బద్దలయ్యేలా కొట్టాను, ఎవడైనా వచ్చి బాగుందన్నాడా?"

అదీ అబద్ధం కాదు.

ఇక చదువు సంగతి వినండి. కుర్ర వడ్రంగి పిట్టలను శిక్షణకు పిలిపించారు. చెట్లను కొడితే ప్రదర్శనకు పెట్టిన తొర్రలు అదిరి పగులుతాయి కాబట్టి తలా ఒక బొగ్గుముక్క చేతిలో పెట్టారు. వాళ్ళు బెరడు మీద నల్లటి తొర్రలు గీశారు. గుండ్రంగా గీసినవాళ్ళ మెడలో పూలదండలు పడ్డాయి.

ఈలోపు అసలు తొర్రల్లో దుమ్ము చేరింది, చీమలు చేరాయి. తొర్రలు పాడైపోతే ఎలా? అలుగు అన్నిటినీ బంకమట్టితో నిండా పూడ్పించాడు. పైన నున్నగా మెత్తించి, పక్కన పలకలు కట్టించాడు: "లోపల తొర్ర కలదు. ముట్టుకోరాదు."

అడవిదున్న చూసి మురిసిపోయాడు. "ఇక మన మనవళ్ళ కాలానికి కూడా దీనికి ఢోకా లేదు," అన్నాడు.

తొలకరి మబ్బు పట్టింది. మాణిక్యానికి కాలు నిలవడం లేదు. దండ వేసుకుని తిరుగుతున్న సోంబాబు అనే కుర్ర వడ్రంగి పిట్టను ఆపింది.

"నాయనా, చదువుకున్నవాడివి. నాకో తొర్ర కావాలి."

"దానికేం అత్తా," అని సోంబాబు ముచ్చటైన తొర్ర ఒకటి గీసిపెట్టాడు.

మాణిక్యం దాని ముందు అటూ ఇటూ తిరిగింది. "లోపలికెలా వెళ్ళాలిరా?"

"లోపల సంగతి వచ్చే ఏడు చెబుతారట అత్తా."

మాణిక్యం అరవలేదు, తిట్టలేదు. ఆ బొగ్గు గీతకు వీపు ఆనించి కూలబడి, ఏడ్చింది. సోంబాబుకు ఎటు చూడాలో తెలియలేదు.

పైనుంచి చూస్తున్న వీరాచారి శాలువా కొమ్మకు తగిలించి కిందికి దిగాడు.

మ్యూజియం ప్రారంభోత్సవం కోసం ముఖద్వారంలో పాత బూరుగు దుంగ ఒకటి నిలబెట్టి ఉంది. ఆయన దాని మీద వాలి ఒక దెబ్బ వేశాడు. ముక్కు జారింది. ఇంకో దెబ్బ వేశాడు. కళ్ళు తిరిగాయి.

"కూర్చుని తిన్న ముక్కు కదా మామా," అంది మాణిక్యం, ఏడుపులోనే.

"అను, ఇంకా అను. నాకు జరగాల్సిందే," అన్నాడు వీరాచారి. "ఒరే సోంబాబూ, ఆ బొగ్గు పారేసి ఇలా రా. దుంగను ముక్కుతో తట్టుకుంటూ పో. చప్పుడు మారిన చోట ఆగు."

సోంబాబు తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగిపోయాడు. "తాతా, ఇక్కడ లోపల్నుంచి ఎవరో బదులు పలుకుతున్నట్టుంది."

"అక్కడ మాను గుల్లబారింది. తొర్ర సగం దేవుడే చేసిపెట్టాడు. నువ్వు గుమ్మం తెరువు."

చప్పుడు విని మిగతా కుర్రాళ్ళూ వచ్చారు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు అందుకున్నాడు. వీరాచారి పక్కన కూర్చుని ప్రతి దెబ్బకూ వంక పెట్టాడు. తొలి చినుకు పడేసరికి మాణిక్యం లోపలుంది.

వాన వెలిశాక పక్క అడవి పెద్దలు పిల్లాపాపలతో ప్రారంభోత్సవానికి వచ్చారు. పూడ్చిన తొర్రల ముందు మర్యాదగా తలలూపారు. ముఖద్వారం దగ్గర మాత్రం పిల్లలు కదలమని మొరాయించారు. దుంగలోంచి తల బయటపెట్టి ఓ గోరింక, "నెమ్మదిగా, గుడ్లున్నాయి," అని కసురుతోంది.

"దీన్నెవరు చేశారు? మేమూ ఓ దెబ్బ వేయొచ్చా?" అని పిల్లలు సోంబాబు చుట్టూ మూగారు.

అడవిదున్నకు ఒళ్ళు మండింది. "మ్యూజియం ఆస్తికి బెజ్జం పెడతారా?" అని అలుగును నిలదీశాడు. అలుగు అప్పటికే బంతి.

సభ కూడింది. వీరాచారి నిధి హోదా రద్దు చేసింది. కుర్రాళ్ళ పేర్లు శిక్షణ నుంచి కొట్టేసింది. "ఇకమీదట మీ ముక్కులు మీ ఇష్టం, మాకు సంబంధం లేదు," అని కఠినంగా తీర్మానించింది.

అంతటి శిక్ష పడ్డాక, ఆ అడవిలో పొద్దస్తమానం ఒకటే టకటక. మ్యూజియం మాత్రం దుమ్ము పడకుండా, ఎవరి అడుగూ పడకుండా భద్రంగా ఉంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు గనక చెబుతున్నాను తల్లీ, తండ్రీ: విద్య నిలవాలంటే మ్యూజియానికి కాస్తయినా చిల్లు పడాలి.