రెండు నీడల పందెం

తర్లుపాడు దగ్గరి ఆ ఊళ్ళో కాటమరాజును ఎరగని గొర్రె లేదు. మనుషుల సంగతి వేరు. వాళ్ళకు ఆయన కంటే ఆయన భార్య రంగమ్మే ఎక్కువ తెలుసు.

ఆ కాటమరాజు ఒకనాడు రాచర్లలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళి, కడుపు పట్టినంత మాంసం కూర తిని, చేయి కడుక్కుంటున్నాడు. అప్పుడు బావ వీరాంజనేయులు ఊరుకోక ఒక మాట అన్నాడు.

"ఏం బామ్మర్దీ, మేము మీ ఇంటికొస్తే మాత్రం గోంగూర పప్పే గదా. అంత మందను మేపుతావు, ఒక్కనాడన్నా ముక్క పెట్టినావా?"

ఆకలి మీద వచ్చే కోపం అన్నం తింటే పోతుంది. నిండు కడుపు మీద వచ్చే రోషానికి మందు లేదు. కాటమరాజు చెంబు కింద పెట్టాడు. "వచ్చే నెల మొదటి ఆదివారం అక్కను పిల్చుకొని రా బావా. మా కొమ్ముల పొట్టేలును కోయిస్తా!"

మందలో తక్కినవన్నీ సూడి గొర్రెలూ, పాలు తాగే పిల్లలూ. కోయదగ్గది ఆ పొట్టేలొక్కటే. చిక్కంతా అక్కడే ఉంది. అది పేరుకు కాటమరాజు మందలోదే గానీ, నిజానికి రంగమ్మది. పుట్టిన నాడే తల్లి పోతే ఆమె పాలసీసాతో పెంచింది. దొరబాబు అని పేరు పెట్టింది. మొగుడికి రాత్రి మిగిలిన అన్నం పెట్టిన రోజున కూడా దొరబాబుకు మొక్కజొన్నలు నానబెట్టి పెట్టేది.

"దొరబాబును కోస్తానని మాటిచ్చినావా?" అంది రంగమ్మ. "నీ మీసం గొరిగిచ్చుకుంటానని ఇయ్యకపోయినావా?"

"మీసం కూర ఒండుతారంటే?"

"దాని మీద చెయ్యెయ్యి, దాన్ని తోలుకొని మా పుట్టింటికి పోతా."

"పొట్టేలును తోలుకొని పోతావు సరే, నన్ను యాడ వదిలిపెడ్తావు?"

"నువ్వు పెద్దోడివి గదా. నీకు మేసేది తెలుసు."

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గి, గిన్నెల చప్పుడు పెరిగింది.

అలాంటి రోజుల్లో కూడా వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చునేది శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు. అప్పుడు టీవీలో 'నీడ లేని ఇన్‌స్పెక్టర్' వస్తుంది. ఆ ఇన్‌స్పెక్టర్‌ను ఎవరో చంపేశారు. చచ్చినా ఆయనకు ఉద్యోగం మీద ప్రేమ పోలేదు. దయ్యమై లేచి లాంతరు పట్టుకొని వారానికొక హంతకుణ్ణి వెతికి పట్టుకుంటుంటాడు. ఆయనకు నీడ పడదు. ఎవరు హత్య చేస్తే వాళ్ళకు మాత్రం రెండు నీడలు పడతాయి. ఒకటి సొంతది, ఇంకొకటి చచ్చినవాళ్ళది. లాంతరు ఎత్తగానే ఆ రెండో నీడ గోడ మీదికి పాకుతుంటే, రంగమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఒకరి మోకాలు ఒకరు పట్టుకునేవాళ్ళు.

ఇంకో మూడు వారాలలో కథ అయిపోతుంది. అసలు ఇన్‌స్పెక్టర్‌నే చంపిందెవరో చివరి రోజు తేలుతుంది. అనుమానం ముగ్గురి మీద ఉంది: జీపు డ్రైవరు, డాక్టరు, ఇన్‌స్పెక్టర్ తమ్ముడు. డ్రైవరని ఒకరు, డాక్టరని ఒకరు. బాయి కాడ ఇదే మాట, బస్సులో ఇదే మాట. తమ్ముణ్ణి మాత్రం ఎవరూ అనలేదు. ఆ పిల్లాడు వారం వారం అంత బాగా ఏడ్చేవాడు.

కాటమరాజుకు ఇవేవీ పట్టవు. రెండో అడ్వర్టైజుమెంటుకు నిద్రపోతాడు. కానీ ఒకరోజు మార్కాపురంలో డిష్ బాగుచేసే రమేష్ మాటల్లో మాటగా అన్నాడు.

"ఇది కొత్త కథేం కాదు మామా. ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలోంచి తీసినారు. ఆ పుస్తకం చూసినోడికి చంపిందెవరో ముందే తెలుస్తది."

కాటమరాజుకు ఒంట్లో నిద్రంతా ఎగిరిపోయింది. పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి, పోటీ పరీక్షల పుస్తకాల కింద నలిగిపోయిన ఆ బొమ్మల పుస్తకాన్ని పట్టుకున్నాడు. వెనక అట్ట, చివరి కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. అయితేనేం, ఉన్న పేజీల్లో ఆఖరుదాని మీద ఇంత పెద్దగా డ్రైవరు బొమ్మ ఉంది. అతని వెనక గోడ మీద నల్లగా, నిక్కచ్చిగా రెండు నీడలు! ఇంగ్లీషు ముక్క రాకపోతే మాత్రం ఏం? గొర్రె ముఖం చూసి అది ఎవరి మందదో చెప్పేవాడికి బొమ్మ అర్థం కాదా?

ఆ సాయంత్రమే పెళ్ళాం ముందు కూర్చున్నాడు.

"ఏమే, పోట్లాట ఎందుకుగానీ పందెం కాద్దాం. ఇన్‌స్పెక్టర్‌ను చంపింది ఎవరో చివరి రోజు ఎవరు సరిగ్గా చెప్తే వాళ్ళ మాట నెగ్గాల. నేను గెలిస్తే దొరబాబు కూర. నువ్వు గెలిస్తే వాడు ముసలోడై చచ్చేదాకా నేను వాడి జోలికి పోను."

రంగమ్మ మొగుణ్ణి కిందికీ మీదికీ చూసింది. "నువ్వా? ఇన్‌స్పెక్టర్ పేరు చెప్పు సూద్దాం."

"పేరెందుకే, నీడ ల్యా గదా ఆయనకు."

ఒక్క శుక్రవారం కూడా వదలని మనిషి ఆమె. మధ్యలో గురకపెట్టే మొగుడితో పందెం అంటే గెలిచినట్టే అనుకుంది. సరేనంది. పేర్లు ముందే పలకల మీద రాసి బోర్లించాలనీ, చుట్టుపక్కల వాళ్ళు సాక్షులుగా ఉండాలనీ మాట అనుకున్నారు.

ఆ తర్వాతి శుక్రవారం కాటమరాజు నిద్ర లేచి, "వంటమనిషి" అని మళ్ళీ పడుకున్నాడు. పావుగంట తర్వాత లాంతరు వెలుగులో వంటమనిషికి రెండు నీడలు పడ్డాయి. మరుసటి వారం "గుడ్డి ముసలాయన" అన్నాడు. "గుడ్డోడు ఎట్ల చంపుతాడయ్యా!" అని అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే గుడ్డి ముసలాయన గోడ మీద ఇద్దరయ్యాడు.

రంగమ్మ లేచి కొట్టంలోకి వెళ్ళి దొరబాబు మెడ నిమురుతూ చాలాసేపు నిలబడింది. భయం సగం, ఆశ్చర్యం సగం. గురకపెట్టే మనిషికి ఇవన్నీ ఎట్లా తెలుస్తున్నాయి?

ఊళ్ళో మాత్రం కాటమరాజుకు ఏదో శక్తి వచ్చిందన్నారు. పక్కింటి వెంకటసుబ్బులమ్మ ఆ శక్తిని వెంటనే వాడుకోవాలనుకుంది.

"కాటమయ్యా, నా ఎర్రకోడి పోయి మూడు వారాలాయె. నాకు గంగయ్య మీద అనుమానం. నువ్వొచ్చి ఆ నీడేందో సూడు నాయనా."

మర్యాద వచ్చిన కొత్తలో మనిషికి కాదనడం చేతకాదు. చీకటి పడేవేళకు కాటమరాజు బయల్దేరాడు. లాంతరు లేదు గనక ఫోను టార్చి వెలిగించాడు. వెంకటసుబ్బులమ్మ వాకిట్లో జనం. గంగయ్యను గోడ ముందు నిలబెట్టి టార్చి ఎత్తాడు.

రెండు నీడలు!

"దొరికినాడు!" అని అరిచింది వెంకటసుబ్బులమ్మ.

"నా కోళ్ళే నాకు భారం, నీ కోడి నాకెందుకే అత్తా!" అని గంగయ్య పక్కకు దూకాడు. ఆయన దూకిన చోట నిలబడి ఉన్న నాగలక్ష్మికీ రెండు నీడలు. ఆమె మొగుడికీ రెండు. "అమ్మో, వీళ్ళంతా కలిసి తినినారు!" అని వెంకటసుబ్బులమ్మ ముందుకు వస్తే ఆమెకూ రెండు పడ్డాయి.

"నీ కోడిని నువ్వే దొంగిలించినావా అత్తా?" అంది నాగలక్ష్మి.

"నా కోడిని నేను తింటే దొంగతనమెట్లయితదే!"

"అయితే తినినావన్నమాట!"

ఇక చూడండి. పదేళ్ళ నాటి గట్టు తగాదాలు, పెళ్ళిలో పెట్టని వడియాలు అన్నీ బయటికి వచ్చాయి. ఒకరి నీడను ఒకరు వేలు పెట్టి లెక్కపెట్టుకుంటున్నారు. "కాటమరాజు నీడలు గూడా లెక్కపెట్టండి!" అని ఎవరో అరిచేసరికి ఆయన టార్చి ఆర్పి జేబులో వేసుకొని గొంగళి కప్పుకున్నాడు. టార్చి ఆరగానే అందరికీ ఒక్కొక్క నీడే మిగిలింది. అప్పుడే ఎర్రకోడి వెంకటసుబ్బులమ్మ సొంత కట్టెల మోపు వెనకనుంచి పిల్లలను వెంటేసుకొని తీరిగ్గా బయటికొచ్చింది.

అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. రంగమ్మ మాత్రం కదల్లేదు. తల ఎత్తి స్తంభం మీది వీధిలైటును చూసింది. మొగుడి జేబులోంచి ఫోను తీసి టార్చి వెలిగించింది. ఆర్పింది. మళ్ళీ వెలిగించి గోడకేసి చూసింది.

"ఏందే, నువ్వు గూడా కోడి తినినావా?" అన్నాడు కాటమరాజు చిరాగ్గా.

"అది కాదయ్యా. ఇంకో లైటు ఏస్తే మూడు పడతాయా అని."

"పడితే నీకెందుకు? ఇంటికి పద."

చివరి శుక్రవారం వచ్చింది. ఆ ఆదివారమే బావ వచ్చేది. కాటమరాజు పొద్దున్నే కత్తి నూరిపించి చూరులో పెట్టాడు. రంగమ్మ ఆ కత్తిని చూసి కూడా తీరిగ్గా దొరబాబుకు మొక్కజొన్నలు నానబెట్టింది. అదే ఆయనకు కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది.

సాయంత్రం అరుగు నిండింది. ఇద్దరూ పలకల మీద రాసి టీవీ పక్కన బోర్లించారు. కాటమరాజు రాయడం ఎందుకని జీపు చక్రం బొమ్మ గీశాడు.

ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ పాడుబడిన గోడ ముందు నిలబెట్టాడు. లాంతరు ఎత్తాడు. గాలికి లాంతరు ఆరిపోయింది. అరుగు మీద అందరి ప్రాణం పోయినంత పనైంది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా వెళ్ళి వెనకనున్న జీపు లైట్లు వెలిగించాడు. గోడ మీద నీడలు లేచాయి. ముందు నిలబడ్డ డ్రైవరు వెనక రెండు!

"రెండు! డ్రైవరుకు రెండు!" కాటమరాజు గెంతులేసి తన పలక తిప్పాడు. "చక్రం! సూడండి చక్రం! గంగయ్యా, ఆదివారం నువ్వు గూడా భోజనానికి రా!"

"కూచోవయ్యా, కనపడ్డం ల్యా" అంది రంగమ్మ.

టీవీలో ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "జీపుకు రెండు లైట్లు. ఇక్కడ నిలబడిన ఎవరికైనా రెండు నీడలు పడాల్సిందే. మూడోది ఎవరికి పడిందో చూద్దాం." డ్రైవరుకు రెండు. డాక్టరుకు రెండు. మూలన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న తమ్ముడికి మూడు. ఆ మూడో నీడ నెత్తిన పోలీసు టోపీ ఉంది.

రంగమ్మ పలక తిప్పింది. వంకర అక్షరాలతో 'తమ్ముడు' అని రాసి ఉంది.

"ఇదెట్ల?" కాటమరాజు గొంతు చించుకున్నాడు. "పుస్తకంలో డ్రైవరే గదా అంత పెద్దగా ఉండేది!"

సరిగ్గా అప్పుడే అడ్వర్టైజుమెంటు వచ్చింది. అరుగంతా ఆయన వైపు తిరిగింది.

"ఏ పుస్తకం కాటమయ్యా?" అంది వెంకటసుబ్బులమ్మ.

కాటమరాజు నోరు మూశాడు గానీ, మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

"ఈయన గొంగట్లో చుట్టిపెట్టిన పుస్తకం అత్తా" అంది రంగమ్మ. "ఎండకేద్దామని గొంగళి దులిపినా, కింద పడింది. ఈయన శక్తి ఏందో అప్పుడు తెల్సింది. నేను గూడా సూసినా."

"అయితే నువ్వు గూడా దొంగవే గదా!" అన్నాడు కాటమరాజు.

"అవును. ఇద్దరం సూసే చెప్పినాము. నువ్వు పెద్ద బొమ్మ సూసి మూసేసినావు. నేను మూలనున్న చిన్న బొమ్మ దాకా సూసినా, ఆడ తమ్ముడికి మూడుండాయి. జీపు లైట్లు వెలుగుతుంటే డ్రైవరుకు రెండు పడక ఒకటి పడ్తదా? మొన్న కోడి కాడ మనకందరికీ పడ్లేదా?"

గంగయ్య లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అయితే ఆదివారం నేను రాబల్లేదన్నమాట" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం బావా అక్కా వచ్చారు. రంగమ్మ జొన్నరొట్టెలు, గోంగూర పప్పు, కోడిగుడ్ల పులుసు వడ్డించింది. వీరాంజనేయులు పళ్ళెంలోకి చూసి, బామ్మర్ది ముఖంలోకి చూసి, మీసం దువ్వాడు. కాటమరాజు తల ఇంకా కిందికి వంగితే పప్పులో మునిగేటట్టు ఉంది.

"నీతో ఎట్ల చెప్పాల్నోనని నీ బామ్మర్ది కుమిలిపోతా ఉండాడన్నా" అంది రంగమ్మ. "పొద్దున కత్తి పట్టుకొని కొట్టంలోకి పోయినాడు. దొరబాబు ముఖం సూసినాడు. కండ్లనిండా నీళ్ళు! ఇంకెప్పుడూ జీవాన్ని కోయనని కత్తి పారేసి వచ్చినాడు."

కాటమరాజు ఆశ్చర్యంగా భార్యను చూశాడు. తర్వాత, కళ్ళనిండా నీళ్ళున్న మనిషి ఎలా ఉంటాడో అలా ఉండడానికి ప్రయత్నించాడు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా తమ్ముడు చిన్నప్పుడే అంత. చీమను తొక్కేటోడు కాదు."

వీరాంజనేయులు రొట్టె తుంచుతూ ఆలోచించాడు.

"బామ్మర్దీ, నీ మనసు ఇంత మెత్తనని నాకు తెల్వదు. మా ఇంట్లో ఒక ముసలి పొట్టేలుంది. కోద్దామంటే పండ్లూడిపోయి తోలే మిగిలింది. ఉంచుకుందామంటే వచ్చినోళ్ళనందరినీ పొడుస్తది. నీలాంటోడి కాడ ఉంటే నాలుగు దినాలు సుఖంగా బతుకుతది."

"అది గాదు బావా..." అన్నాడు కాటమరాజు.

"ఏది గాదయ్యా?" అంది రంగమ్మ, ఇంకో రొట్టె ఆయన పళ్ళెంలో వేస్తూ. "కోయనంటివి గదా?"

కాటమరాజు రొట్టె తిన్నాడు.

సోమవారం పొద్దున వాకిట్లో ఆటో ఆగింది. వెనక సీటంతా కొమ్ములే. మోచేతికి గుడ్డ కట్టుకున్న ఆటో అబ్బాయి ఆమడ దూరంలో నిలబడి తాడు కొసను చాచి పట్టుకున్నాడు.

"అమ్మా, జీవాల మీద దయగల ఆయన ఇల్లు ఇదేనా?"

"ఇదే నాయనా" అంది రంగమ్మ, తలుపు వెనక్కి జారుకుంటున్న మొగుణ్ణి చెయ్యి పట్టి ముందుకు లాగుతూ. "ఇదో, ఈయనే. తాడు ఈయన చేతికే ఇయ్యి."